మందు పెట్టినదెవరు? ‘మంచూరియన్ కాండిడేట్’ వెనుక చరిత్ర

పెళ్లయిన ఏడాదికల్లా కొడుకు తల్లి మాట వినడం మానేస్తే, ‘కోడలు మందు పెట్టింది’ అనడం మన ఊళ్లలో పాత అలవాటు. ఆ మందు ఎట్లా ఉంటుందో చూసినవారు లేరు. చూడవలసిన అవసరం కూడా లేదు. ఎందుకంటే ఆ మాటకున్న ప్రయోజనం వేరు. కొడుకు ఎందుకు మారాడు, అతనికి ఆ ఇంట్లో ఇంతకాలం ఊపిరాడిందా లేదా, తల్లి వైపు తప్పేమైనా ఉన్నదా అన్న ప్రశ్నలన్నిటినీ ఆ ఒక్కమాట మూసివేస్తుంది. పైగా నేరమంతా పరాయి ఇంటినుంచి వచ్చిన పిల్ల నెత్తిన పడుతుంది.

ఈ మాట నాకు మూడేళ్ల క్రితం స్వయంగా తగిలింది. నా దగ్గర చరిత్ర చదువుకున్న ఒక అమ్మాయి హాస్టలు భోజనం విషయమై జరిగిన సమ్మెలో ముందు నిలబడింది. వాళ్ల నాన్నగారు మా ఇంటికి వచ్చారు. కోపంతో కాదు, ఏడుపు గొంతుతో, ‘మాస్టారూ, మా పిల్లకి మీరు బ్రెయిన్ వాష్ చేశారండీ. అది ఇదివరకు ఇట్లా ఉండేది కాదు’ అన్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ మాట మాత్రం వచ్చు. ఆయన తాతగారైతే ‘మందు పెట్టారు’ అని ఉండేవారు. పాత మాట స్థానంలోకి ఈ కొత్త మాట ఎట్లా వచ్చింది, దాన్ని ఎవరు ఏ అవసరం కోసం పుట్టించారు అని వెతుక్కుంటూ వెళ్లి, నేను 1962 నాటి ఒక అమెరికను చిత్రం దగ్గర ఆగాను. దాని పేరు ‘ది మంచూరియన్ కాండిడేట్’.

రిచర్డ్ కాండన్ 1959లో రాసిన నవల దానికి ఆధారం. జార్జి ఆక్సెల్‌రాడ్ దాన్ని చిత్రకథగా మలిచాడు, జాన్ ఫ్రాంకెన్‌హైమర్ దర్శకత్వం వహించాడు. అది విడుదలైనది 1962 అక్టోబరు 24న. క్యూబాలో రష్యను క్షిపణుల విషయమై ప్రపంచం అణుయుద్ధపు అంచున నిలబడిన వారమే అది. ఇంతకంటె తగిన ముహూర్తం ఆ చిత్రానికి ఎవరూ పెట్టలేరు.

కథ క్లుప్తంగా చెబుతాను. 1952లో కొరియా యుద్ధరంగంలో ఒక అమెరికను దళం శత్రువులకు పట్టుబడుతుంది. వారిని మంచూరియాకు తీసుకుపోయి, కొద్దిరోజుల్లో వాళ్ల మనస్సులను మార్చివేస్తారు. వారిలో రేమండ్ షా అనే సార్జెంటును, చెప్పిన మనిషిని చెప్పినట్లు చంపి, చంపిన సంగతి కూడా మర్చిపోయే యంత్రంగా తయారు చేస్తారు. పేకముక్కల్లో డైమను రాణి కనిపించిందా, ఇక అతను తనవాడు కాదు. స్వదేశానికి తిరిగివచ్చిన షాకు వీరపతకం ఇస్తారు. అతని మారుతండ్రి ఐస్లిన్ ఒక సెనేటరు. కమ్యూనిస్టుల పేరు చెప్పి దేశాన్ని హడలగొట్టి పైకి వస్తున్నవాడు. తీరా చూస్తే, షాను నడిపించే కమ్యూనిస్టు ప్రతినిధి మరెవరో కాదు, అతని కన్నతల్లి, అంటే ఆ కమ్యూనిస్టు వ్యతిరేక సెనేటరు భార్యే. పార్టీ మహాసభలో అధ్యక్షపదవి అభ్యర్థిని కొడుకు చేత కాల్పించి, ఆ గగ్గోలులో భర్తను గద్దె ఎక్కించాలని ఆమె పథకం. చివరకు షా ఆ తుపాకిని మారుతండ్రి మీదికి, తల్లి మీదికి, ఆ పైన తన మీదికి తిప్పుకుంటాడు.

దీన్ని మామూలు కమ్యూనిస్టు వ్యతిరేక చిత్రమని తోసిపుచ్చడం తేలిక. మనలో కొందరు తోసిపుచ్చారు కూడా. చైనా వైద్యుడు చిరునవ్వు నవ్వుతూ మనుషులను బొమ్మల్లా ఆడించడం, ఆసియా ముఖం కనిపిస్తే కుట్ర ఉన్నట్లే అనిపించడం ఇవన్నీ అందులో ఉన్న మాట వాస్తవం. కాని ఆ చిత్రంలో మరొకటి కూడా ఉన్నది. సెనేటర్ ఐస్లిన్ రక్షణశాఖలో ఇందరు కమ్యూనిస్టులున్నారని రోజుకొక లెక్క చెబుతుంటాడు. తనకు గుర్తుండే ఒక్క అంకె ఏదైనా చెప్పమని పెళ్లాన్ని బతిమాలుతాడు. అప్పుడతను టొమాటో కెచప్ సీసా వంచుకుంటున్నాడు. ఆ సీసా మీద కంపెనీవారి 57 అంకె అచ్చువేసి ఉంటుంది. మరునిమిషం సెనేటులో అతను 57 మంది కమ్యూనిస్టులున్నారని అరుస్తాడు. ఇది ఊరికే పుట్టిన హాస్యం కాదు. సెనేటర్ జోసెఫ్ మెకార్థీ 1950 ఫిబ్రవరిలో వీలింగ్ పట్టణంలో చేసిన ప్రసంగంలో 205 అన్నాడని పత్రికలు రాశాయి. కొద్దిరోజులకే అది 57 అయింది. ఆ అంకెల వెనుక ఎందరు ఉపాధ్యాయుల, నటుల, గుమాస్తాల ఉద్యోగాలు పోయాయో అమెరికను చరిత్ర చదివినవారికి తెలుసు. మెకార్థీని సెనేటు అభిశంసించినది 1954లో. అతన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా వెక్కిరించడానికి హాలీవుడ్డుకు మరి ఎనిమిదేళ్లు పట్టింది.

అంతకన్న ముఖ్యమైన దృశ్యం ఇంకొకటి ఉన్నది. మార్కో అనే అధికారికి రోజూ ఒకే పీడకల. తమ దళమంతా ఏదో హోటల్లో, ఆడవాళ్ల తోటపని సంఘం సభలో, పూలమొక్కల మీద ఉపన్యాసం వింటూ కూచుని ఉంటుంది. కెమెరా మెల్లగా గది చుట్టూ తిరుగుతుంది. పూర్తి వలయం తిరిగి వచ్చేసరికి ఆ పూలటోపీల ఆడవాళ్లు లేరు, వారి స్థానంలో రష్యను, చైనా అధికారులు కూచుని ఉన్నారు. అదే కల దళంలోని నీగ్రో సైనికుడికి కూడా వస్తుంది. అతని కలలో మాత్రం ఆ ఆడవాళ్లందరూ నల్లవాళ్లు. దర్శకుడు దీన్ని గురించి ఒక్కమాట కూడా మాట్లాడించడు. కాని అందులో పెద్ద సత్యం ఉన్నది. ఎవరి భ్రమ అయినా వారి బతుకులోని సరుకుతోనే తయారవుతుంది. మనిషి తలలో ముందే లేని దాన్ని బయటివారెవరూ తెచ్చి పెట్టలేరు. చిత్రం తన కథలో ఒకటి చెబుతూ, తన బొమ్మల్లో దాన్నే ఖండిస్తున్నది.

ఇక చరిత్రలోకి పోదాం. ‘బ్రెయిన్ వాషింగ్’ అనే మాటను ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేసినవాడు ఎడ్వర్డ్ హంటర్ అనే పత్రికారచయిత, 1950 సెప్టెంబరులో. యుద్ధకాలంలో అమెరికను గూఢచారి సంస్థలో మానసిక యుద్ధప్రచారం చేసినవాడు. చైనాలో విప్లవానంతరం పాత భావాలున్నవారి చేత ఆత్మవిమర్శలు రాయించి, సభల్లో చదివించి, ‘ఆలోచనా సంస్కరణ’ అనే పేరుతో ఒత్తిడి పెట్టడం జరిగిన మాట నిజం. దాన్ని జనం ఎగతాళిగా మెదడు కడగడం అనేవారు. హంటర్ ఆ ఎగతాళి మాటను పట్టుకుని, అదొక రహస్య శాస్త్రమన్నంత హడావుడి చేశాడు.

కొరియా యుద్ధం ఆ మాటకు కావలసిన భయాన్ని సరఫరా చేసింది. ఉత్తర కొరియాలో, చైనావారి చేతుల్లో ఉన్న అమెరికను ఖైదీల్లో కొందరు, తమ విమానాలు క్రిమియుద్ధం చేశాయని ఒప్పుకున్నారు. విడుదలయ్యాక ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. ఇక 1953 జూలైలో యుద్ధవిరమణ జరిగినప్పుడు, 23 మంది అమెరికను సైనికులు తాము స్వదేశానికి పోమన్నారు. అమెరికా నిర్ఘాంతపోయింది. స్వర్గం లాంటి దేశాన్ని కాదని ఎవరైనా చైనా పోతారా? మందు పెట్టి ఉండాలి.

ఇక్కడ మనదేశం కూడా రంగంలోకి వస్తున్నది. స్వదేశానికి పోమన్న ఖైదీల సంగతి తేల్చడానికి తటస్థ దేశాల సంఘం ఒకటి ఏర్పడింది. దానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. స్వీడను, స్విట్జర్లండు, పోలండు, చెకోస్లొవేకియా మిగతా సభ్యులు. ఖైదీలకు కాపలా కాసినది మేజర్ జనరల్ థోరట్ నాయకత్వాన వెళ్లిన భారత సైనికులు. వారి కాపలాలోకి రెండు రకాల ఖైదీలు వచ్చారు. ఒకవైపు, కమ్యూనిస్టు దేశాలకు తిరిగి పోమన్న చైనావారు, ఉత్తర కొరియావారు, 22 వేలకు పైగా. రెండవవైపు, అమెరికా పక్షానికి తిరిగి పోమన్నవారు 359 మంది. వారిలో అమెరికనులు 23, బ్రిటిషు సైనికుడు ఒకడు, మిగిలినవారు దక్షిణ కొరియావారు. ప్రతి ఖైదీకీ అతని దేశపు ప్రతినిధులు నచ్చజెప్పడానికి గుడారాలు వేశారు. నచ్చజెప్పే ఆ కార్యక్రమం 1953 అక్టోబరు మధ్యన మొదలైంది.

ఆ గుడారాల్లో మన సైనికులు చూసినదేమిటి? చైనా ఖైదీలలో అనేకుల ఒంటిమీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాలు పచ్చబొట్లుగా పొడిచి ఉన్నాయి. అమెరికను కాపలాలోని శిబిరాల్లో, చాంగ్ కై షేక్ పక్షపు ముఠాలు వాటిని అనేకుల చేత బలవంతాన పొడిపించాయి. ఆ పచ్చబొట్టుతో స్వదేశం పోతే ఏమవుతుందో ఖైదీకి తెలుసు. నచ్చజెప్పడానికి వచ్చేవారి దగ్గరికి ఖైదీలను పోనివ్వకుండా శిబిర నాయకులు అడ్డుకున్నారు. గడువు ముగిసేసరికి నచ్చజెప్పడం జరిగినది కొద్దిమందికే. తటస్థసంఘంలోని అధిక సంఖ్యాకులు, ఆ ఖైదీల మీద సంఘటితమైన నిర్బంధం ఉన్నదని నివేదిక రాశారు. స్వీడను, స్విట్జర్లండు దానితో ఏకీభవించలేదు. చివరకు పధ్నాలుగు వేలకు పైగా చైనా ఖైదీలు తైవాన్ చేరారు. 23 మంది అమెరికనులలో ఇద్దరు మనసు మార్చుకుని వెనక్కి పోయారు, 21 మంది చైనా వెళ్లారు. ఏ పక్షమూ వద్దని తటస్థదేశానికి పోతామన్న 88 మంది 1954 ఫిబ్రవరిలో మన సైనికుల వెంట ఓడలో మద్రాసు వచ్చారు.

ఇప్పుడు లెక్క చూడండి. పధ్నాలుగు వేలమంది తైవాన్ పోతే అది స్వేచ్ఛాభిలాష. 21 మంది చైనా పోతే అది మెదడు కడగడం. అమెరికను పత్రికల వైఖరి ఇది. మనసు మార్చుకుని తిరిగివచ్చిన ఆ ఇద్దరినీ అమెరికా ఏం చేసింది? సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టి జైలుకు పంపింది. నిజంగా వాళ్ల మెదడు పరాయివాడి చేతిలో ఉండి ఉంటే, వారిని శిక్షించడంలో న్యాయమేమున్నది? తమ వాదాన్ని తామే నమ్మలేదన్నమాట. ఆ 21 మందిలో ముగ్గురు నల్లజాతివారు. వారిలో ఒకడైన క్లారెన్స్ ఆడమ్స్ 1966లో అమెరికా తిరిగివచ్చి చెప్పినదీ, అతని మరణానంతరం 2007లో అచ్చయిన ఆత్మకథలో ఉన్నదీ ఒకటే: తనను ఎవరూ మార్చలేదు, తాను మెంఫిస్‌లో పుట్టి పెరిగిన తీరే తన్ను మార్చింది. తెల్లవారి పట్టణంలో నల్లవాడుగా బతకడమంటే ఏమిటో అతనికి ఏ చైనా ఉపన్యాసకుడూ నేర్పనక్కరలేదు. ఆ కారణాన్ని విచారిస్తే అమెరికా తన ముఖం అద్దంలో చూసుకోవలసి వస్తుంది. అందుచేత మెదడు కడిగారన్నారు. కోడలు మందు పెట్టిందన్న మాటకూ దీనికీ తేడా ఏమిటి?

ఇంతవరకే అయితే ఇదొక ప్రచారగాథ. కాని పాలకవర్గం ఈ కథను జనానికి చెబుతూనే, తెరచాటున తాను ఆ విద్య సాధించే ప్రయత్నంలో పడింది. సి.ఐ.ఏ. ‘బ్లూబర్డ్’ అనే రహస్య కార్యక్రమాన్ని అనుమతించినది 1950 ఏప్రిల్‌లో. కొరియా యుద్ధం మొదలైనది జూన్‌లో. హంటర్ వ్యాసం సెప్టెంబరులో. ఈ మూడు తేదీలనూ పాఠకులు పక్కపక్కన పెట్టి చూడాలి. కొరియాలో శత్రువు చేసినదానికి జవాబుగా మేము మొదలుపెట్టామన్న మాట ఆ తేదీల ముందు నిలవదు. 1953 ఏప్రిల్ 10న సి.ఐ.ఏ. అధిపతి ఆలెన్ డలెస్ ఒక సభలో, సోవియట్లు మనిషి మెదడు మీద యుద్ధం చేస్తున్నారని వాపోయాడు. మూడు రోజులకు, ఏప్రిల్ 13న, ‘ఎం.కె.అల్ట్రా’ అనే కార్యక్రమానికి అదే డలెస్ ఆమోదముద్ర వేశాడు.

సిడ్నీ గాట్లీబ్ అనే రసాయన శాస్త్రజ్ఞుని ఆధ్వర్యాన సాగిన ఆ కార్యక్రమం కింద, విశ్వవిద్యాలయాల్లో, ఆస్పత్రుల్లో, జైళ్లలో ఎల్.ఎస్.డి. వంటి మందులను అనేకులకు చెప్పకుండా ఇచ్చి చూశారు. అక్షరాలా మందు పెట్టారు. ఫ్రాంక్ ఓల్సన్ అనే సైనిక శాస్త్రజ్ఞుడికి తెలియకుండా పానీయంలో కలిపి ఇచ్చిన కొద్దిరోజులకు, 1953 నవంబరు 28న, అతను న్యూయార్కు హోటలు కిటికీలోంచి పడి మరణించాడు. కెనడాలో మాంట్రియల్ నగరపు అలెన్ మెమోరియల్ సంస్థలో ఈవెన్ కామెరాన్ అనే పేరుమోసిన మానసిక వైద్యుడు, ఏదో దిగులుతో వచ్చిన రోగులను రోజుల తరబడి నిద్రలో ఉంచి, మితిమీరిన విద్యుదాఘాతాలిచ్చి, ఒకే మాటల టేపును తెరిపి లేకుండా వినిపించాడు. కొందరు తమ బిడ్డలను కూడా మర్చిపోయి ఇళ్లకు చేరారు. పెట్టుబడిలో కొంత సి.ఐ.ఏ. డబ్బు. 1973లో ఆ సంస్థ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ దస్త్రాలు నాశనం చేయించాడు. పొరపాటున వేరేచోట మిగిలిపోయిన దాదాపు 20 వేల పేజీల కాగితాలు 1977లో బయటపడి, సెనేటు విచారణ జరిగింది. వాటిని ఆధారం చేసుకుని జాన్ మార్క్స్ 1979లో రాసిన గ్రంథం పేరులో ‘మంచూరియన్ కాండిడేట్’ అన్న మాట ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఇంతా చేసి వారు సాధించినదేమిటి? రేమండ్ షా వంటి మనిషిని తయారుచేశారన్న దాఖలా ఎక్కడా లేదు. మనుషులను చెడగొట్టగలిగారుగాని నడిపించలేకపోయారు. పైగా ఈ సంగతి వారికి ముందే తెలుసు. సి.ఐ.ఏ. కోరిక మీద హింకిల్, వుల్ఫ్ అనే ఇద్దరు వైద్యులు రష్యను, చైనా పద్ధతులను పరిశీలించి, అందులో మాయా లేదు, మంత్రమూ లేదని తేల్చారు. ఒంటరితనం, నిద్రలేమి, చలి, ఆకలి, భయం, ఎడతెగని ప్రశ్నలు. అన్నిదేశాల పోలీసులకూ తెలిసిన పాత విద్యే. ఆ పరిశీలన 1956లో అచ్చయింది. మరుసటి ఏడు ఆల్బర్ట్ బిడర్మన్ అనే పరిశోధకుడు, కొరియాలో వైమానికుల చేత అబద్ధపు ఒప్పుకోళ్లు రాబట్టిన పద్ధతులను ఒక పట్టికగా ప్రకటించాడు. 2002లో గ్వాంటనామో జైలులో విచారణాధికారులకు పాఠం చెప్పడానికి ఆ పట్టికనే దాదాపు యథాతథంగా వాడారని 2008లో వెల్లడైంది. అబద్ధం ఎట్లా ఒప్పించవచ్చునో చెప్పే పట్టికను నిజం రాబట్టడానికి వాడారన్నమాట! శత్రువు క్రూరత్వానికి సాక్ష్యంగా రాసిన కాగితం యాభై ఏళ్లకు తమ చేతి పుస్తకం అయింది.

ఇక్కడితో ఆపితే మనవాళ్లందరికీ ఈ వ్యాసం నచ్చుతుంది. కాని ఆపడం న్యాయం కాదు. హింకిల్, వుల్ఫ్‌లు చెప్పిన ఒంటరితనం, నిద్రలేమి, భయం మన శిబిరపు జైళ్లలో కూడా ఉన్నాయి. 1936 నుంచి 1938 వరకు మాస్కో విచారణల్లో పాతతరం బోల్షివిక్కులు తాము గూఢచారులమని ఒప్పుకున్నప్పుడు, ప్రపంచంలో ఎందరో అభ్యుదయవాదులు నమ్మారు. అనుమానించినవారిని పెట్టుబడిదారీ పత్రికల మాయలో పడ్డారన్నారు. ఒప్పుకోళ్లు హింసతో రాబట్టారని 1956లో క్రుశ్చేవ్ చెప్పేదాకా, చెప్పిన తరువాత కూడా, కొందరికి మింగుడుపడలేదు. కొరియా ఖైదీల లెక్కను కూడా మనం తలకిందులుగా వేసుకున్నాం. 21 మందిది అంతరాత్మ ప్రబోధం, పధ్నాలుగు వేలమందిది నిర్బంధం. నిర్బంధం నిజమే. కాని ఆ వేలమందిలో తన భూమి పోయినవాడో, కొత్త ప్రభుత్వానికి జడిసినవాడో, తన కారణం తనకున్నవాడో ఒక్కడూ లేడనగలమా? ఆ 88 మంది రెండు పక్షాలనూ కాదని పరాయిదేశపు ఓడ ఎక్కారంటే, ఏ పక్షపు ప్రచారంలోనూ ఇమడని మనస్సులు ఉంటాయనే కదా!

ఫ్రాంకెన్‌హైమర్ చిత్రపు గొప్ప, దాని లోపం రెండూ ఇందులోనే ఉన్నాయి. కమ్యూనిస్టుల పేరిట భయాన్ని రెచ్చగొట్టేవాడే ప్రజాస్వామ్యానికి మొదటి ముప్పు అని అది ధైర్యంగా చెప్పింది. కాని ఆ ముప్పు కూడా పరాయివాడు పంపినదేనన్నది. అమెరికను నియంతృత్వం అమెరికాలోనే పుట్టగలదని చెప్పే ధైర్యం దానికి లేకపోయింది. పాపమంతా ఒక తల్లి నెత్తిన రుద్దడం కూడా మన కోడలి కథకు దగ్గరిదే. ఆ తల్లి పాత్రను ఏంజెలా లాన్స్‌బరీ అద్భుతంగా పోషించింది. కొడుకుగా నటించిన లారెన్స్ హార్వీ కన్న ఆమె మూడేళ్లే పెద్ద! 2004లో జొనాథన్ డెమ్మీ ఈ కథనే మళ్లీ తీసినప్పుడు కుట్రదారులు కమ్యూనిస్టులు కారు, మంచూరియన్ గ్లోబల్ అనే పెద్ద కంపెనీ. శత్రువు పేరు మారింది. మందు పెట్టారన్న వాదం మాత్రం మారలేదు. మనకు నచ్చిన శత్రువు గనుక ఈసారి మనం చప్పట్లు కొట్టాం.

ప్రచారానికి శక్తి లేదని నేననడం లేదు. పత్రికలూ, తెరలూ ఎవరి చేతిలో ఉన్నాయన్నది పెద్ద ప్రశ్న. జనం అబద్ధాలు నమ్ముతారు కూడా. అయితే ఆ అబద్ధం వారికి ఎందుకు నిజంగా తోచింది, వారి బతుకులో ఏ గాయం మీద అది కట్టుగా పడింది అని అడగడం విమర్శ. వారి మెదడు కడిగేశారనడం విమర్శకు సెలవివ్వడం. అవతలివాడికి ఆలోచన లేదని నిర్ణయించుకున్నవాడు అతనితో మాట్లాడడం మానేస్తాడు. ఆ తరువాతి మెట్టు నిర్బంధమే. డలెస్ ఆ మెట్టే ఎక్కాడు, మాస్కో ప్రాసిక్యూటర్లూ ఆ మెట్టే ఎక్కారు.

ఆనాడు మా ఇంటికి వచ్చిన ఆ తండ్రికి నేను మంచి జవాబు చెప్పలేదు. ‘మీ అమ్మాయికి సొంత బుద్ధి లేదనుకుంటున్నారా?’ అని ఎత్తిపొడిచాను. ఆయన తలవంచుకుని పోయారు. ఆ రాత్రి నాకు నా పాత విద్యార్థి ఒకడు గుర్తుకు వచ్చాడు. చురుకైనవాడు, మా అధ్యయన బృందంలో నాలుగేళ్లు తిరిగాడు. తరువాత మాకు పూర్తిగా ఎదుటి శిబిరంలో చేరాడు. అప్పుడు నేను మిత్రులతో అన్నమాట నాకు బాగా జ్ఞాపకం: ‘వాడి బుర్ర కడిగేశారు.’ వాడు ఎందుకు పోయాడో ఇన్నేళ్లలో ఒక్కసారైనా నేను అడగలేదు. ఆ బృందంలో వాడిమాట మేము ఎన్నిసార్లు విన్నామో, ఎన్నిసార్లు నోరు మూయించామో లెక్క చూసుకోలేదు.

పోయిన సంక్రాంతికి వాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మూడుగంటలు మాట్లాడుకున్నాం. ఒకరినొకరం ఒప్పించుకోలేదు. వాడు చెప్పిన కారణాల్లో రెండు తప్పని నేనిప్పటికీ అంటాను. మూడవది మా గురించి. అది నిజం.